హాస్టల్ తెలుగులో ఓడ కథ

నిజాముద్దీన్ మస్కట్‌లో దిగిన రోజే అతని పాస్‌పోర్టు రెండుసార్లు తిరగేశారు. కౌంటర్లో కూర్చున్న ఒమానీ యువకుడు మొదట ఆఫ్రికా తీరపు భాష స్వాహిలీలో పలకరించాడు. జవాబు రాకపోయేసరికి అరబ్బీలో అడిగాడు. "మాది హైదరాబాద్ భాయ్, ఇండియా" అని నిజాముద్దీన్ ఉర్దూలో చెప్పాడు. అతను పాస్‌పోర్టులో ఫోటో చూశాడు, మనిషిని చూశాడు, పక్క కౌంటర్లో ఉన్నవాణ్ణి పిలిచి చూపించి మరీ ముద్ర వేశాడు. 1974 నాటి మాట అది.

ఆ యువకుడి తప్పేం లేదు. నిజాముద్దీన్‌ది ఆరడుగుల ఎత్తు, నిగనిగలాడే నలుపు, తలకు అంటుకుపోయినట్టుండే ఉంగరాల జుట్టు. ఆఫ్రికా నుంచి వచ్చి నిజాం గుర్రపుదళంలో చేరినవాళ్ళ సంతతి అతనిది. ఆఫ్రికన్ క్యావల్రీ అనే ఆ దళం పేరు మీదే వాళ్ళుండే పేటను ఏసీ గార్డ్స్ అంటారు. తాత ఫిరోజ్ ఆ దళంలో గుర్రమెక్కాడు, తండ్రీ ఎక్కాడు. నిజాం రాజ్యం పోయి దళం రద్దయ్యాక తండ్రి ఒక సినిమాహాలు గేటు దగ్గర టిక్కెట్లు చింపే పనికి కుదిరాడు. కొడుకును మాత్రం పట్టుబట్టి చదివించాడు. ఇంట్లో ఉర్దూ, పక్కిళ్ళల్లో తెలుగు, కాలేజీలో ఇంగ్లీషు నేర్చుకుని నిజాముద్దీన్ యూనివర్సిటీ దాకా వెళ్ళాడు. భూగోళశాస్త్రంలో డిగ్రీ తీసుకుని సర్వే పనిలో స్థిరపడ్డాడు.

యూనివర్సిటీలో అతన్ని ఫుట్‌బాల్ మైదానంలో నిజాం అనేవారు. మైదానం గీత దాటితే హబ్షీ, అంటే ఆఫ్రికా నల్లవాడు అనేవారు. అది తిట్టని వాళ్ళూ అనుకునేవారు కారు, పిలిస్తే ఇతనూ పలికేవాడు. ఆ రోజుల్లో స్కాలర్‌షిప్ మీద ఆఫ్రికా దేశాల విద్యార్థులు చాలామంది వచ్చేవారు. వాళ్ళు ఇతన్ని చూడగానే ఎదురొచ్చి చేయి కలిపేవారు. ఏ దేశం అని అడిగితే ఇదే దేశం అనేవాడు. వాళ్ళు నవ్వేవారు, రెండు మాటలు మాట్లాడి వాళ్ళ గుంపులోకి వాళ్ళు వెళ్ళిపోయేవారు. ఆ నవ్వులో ఎగతాళి ఉందో జాలి ఉందో తేల్చుకోకుండానే అతని చదువు పూర్తయింది.

మస్కట్‌లో ఒక రోడ్ల కంపెనీలో సర్వేయరు ఉద్యోగం. కొలతకర్ర పట్టుకునే మనిషిగా కరీంనగర్ జిల్లా నుంచి వచ్చిన పోచన్నను అతని కింద వేశారు. మొదటి రోజు పోచన్న ఈయన అరబ్బు సాయెబే అనుకుని, పలికినప్పుడల్లా అరబ్బీలో "ఐవా, ఐవా" అని అవునవునంటూ చేతులు కట్టుకున్నాడు. మధ్యాహ్నం నీళ్ళ డబ్బా దగ్గర నిజాముద్దీన్, "పోచన్నా, జెర నీడకు కూసో, ఎండ తల్గుతది" అనేసరికి పోచన్న చేతిలోని గ్లాసు ఇసకలో పడింది.

"నువ్వు తెలుగోనివా సారూ?"

"హైదరాబాదోణ్ణి."

"మరి గిట్లెందుకున్నవ్?" అని అడిగేసి, పోచన్న నాలుక కరుచుకున్నాడు. నిజాముద్దీన్‌కు ఎందుకో కోపం రాలేదు. అంత తిన్నగా అతన్ని అంతవరకు ఎవరూ అడగలేదు.

రెండేళ్ళు గడిచాయి. హైదరాబాదులో అతను చదివిన యూనివర్సిటీ పూర్వ విద్యార్థుల విందు రువీ పేటలో ఒక క్లబ్బు హాల్లో జరుగుతుందని ఆఫీసు బోర్డు మీద కాగితం అంటించారు. నిజాముద్దీన్ సూటు ఇస్త్రీ చేయించుకుని వెళ్ళాడు. గుమ్మంలో పన్నీరు బుడ్డి పట్టుకుని నిలబడ్డాయన సంఘం కార్యదర్శి భుజంగరావు, పెద్ద ఇంజనీరు. నిజాముద్దీన్‌ను చూడగానే ఆయన ముఖం విప్పారింది. "వెల్కమ్ సర్, వెల్కమ్" అంటూ చేయి పట్టుకుని తీసుకెళ్ళి ముందు వరుస సోఫాలో కూర్చోబెట్టాడు. మెడలో గులాబీల దండ వేశాడు. ఎవరో చల్లని రసం తెచ్చి ఇచ్చారు. కాలేజీలో ఎన్నడూ దక్కని ఈ మర్యాదకు నిజాముద్దీన్ లోలోపల మురిసిపోయాడు. ఫుట్‌బాల్ రోజులు ఎవరికో గుర్తున్నట్టున్నాయి అనుకున్నాడు.

భుజంగరావు వంగి, మైకులో ప్రకటించడానికి అన్నట్టు, మీది ఏ మినిస్ట్రీ సర్ అని ఇంగ్లీషులో అడిగాడు.

"నాది మినిస్ట్రీ కాదండి. అరవై ఒకటి బ్యాచి. జాగ్రఫీ" అన్నాడు నిజాముద్దీన్ తెలుగులో.

వంగిన భుజంగరావు నిటారుగా నిలబడ్డాడు. తర్వాత పెద్దగా నవ్వాడు. "అయ్యో, మీరు మనవాళ్ళా! ముందే చెప్పొద్దూ!" అని భుజం తట్టాడు. అంతలో అసలు మినిస్ట్రీ అధికారి కారు వచ్చింది. సోఫాలో చోటు కావాలి, దండా కావాలి. "మనవాళ్ళే కదా, కొంచెం సర్దుకోండి" అన్నాడు భుజంగరావు మెత్తగా. నిజాముద్దీన్ తనే దండ తీసి ఆయన చేతిలో పెట్టి, చిట్టచివరి వరుసలో గోడవైపు కుర్చీలోకి వెళ్ళాడు.

ముందు సోఫాలో మరో మనిషి మాత్రం కూర్చునే ఉంది. ఆడపిల్లల బడి ప్రిన్సిపాలు అజీజా. ఆఫ్రికా తీరపు దీవి జాంజిబార్‌లో పుట్టిన ఒమానీ. ఆమె కూడా నలుపే. పిల్లలకు బహుమతులు పంచింది, ఇంగ్లీషులో నాలుగు మాటలు చెప్పింది. భోజనాలప్పుడు పళ్ళెం పట్టుకుని తిన్నగా చివరి వరుసకు వచ్చి నిజాముద్దీన్ పక్కన కూలబడింది.

"నువ్వు జాగ్రఫీనా? నేను హోమ్ సైన్స్. అర్వై నాలుగుల పాసైన."

నిజాముద్దీన్ చెంచా పళ్ళెంలో పెట్టేశాడు. ఆమె మాట్లాడింది అచ్చమైన తెలుగు, అదీ పోచన్న తెలుగు.

"మా హాస్టల్ల యాదవ్వ అని వంట జేసేది. ఆమెనే నేర్పింది. యాదవ్వ ఎవ్వరినీ మీరు అనకపోతుండె. నాకూ గా మాట రాదు. ఏమనుకోకు."

"మీరు మన యూనివర్సిటీ అని వీళ్ళకు చెప్పలేదా ఆపా?" అని ఉర్దూలో అక్క వరస కలిపి అడిగాడు.

"పోయినేడు చెప్పిన, ఈయేడు చెప్పిన. ఊకెనే మర్చిపోతరు. నేను ప్రిన్సిపాల్ అనేది ఒక్కటే యాదుంటది." చికెన్ ముక్క కొరుకుతూ, "నిన్ను ముందట కూసోబెట్టి మల్ల లేపిండ్రు, చూసిన. నన్ను లేపలేదు. రెండూ ఒక్క తీరుగనే ఉన్నయ్ నాకు" అంది.

ఆ రాత్రి విడిపోయేముందే అజీజా ఒక నిర్ణయం చేసింది. మస్కట్‌లో తమలాంటివాళ్ళు ఇంకా ఉన్నారు. ఆఫ్రికా తీరంలోని ముంబాసా నుంచి వచ్చి రేవు ఆఫీసులో పనిచేసే వజీర్ ఉన్నాడు, హైదరాబాదులో కామర్స్ చదివాడు. ఇంకొందరిని వెతకొచ్చు. శుక్రవారాలు మత్రాలోని తన ఇంట్లో కలుద్దామంది.

అలా మొదలైంది. మత్రా రేవు వెనక ఇరుకు సందులో అజీజా ఇల్లు. ఇంటి పెత్తనం ఆమె తల్లి బిల్కీస్‌ది. మొదటి శుక్రవారం ముగ్గురే. వేసవి వచ్చేసరికి సూడాన్ పశువైద్యుడూ, నైరోబీ టీచరమ్మా, ఇంకొందరూ కలిశారు. అజీజా మొక్కజొన్న పిండితో గట్టి ముద్ద వండిపెట్టేది. వాళ్ళ దేశంలో దానికి వేరే పేరున్నా, అందరూ గటక అనే పిలిచేవారు. హాస్టల్లో అన్నం సయించక ఆఫ్రికా పిల్లలు చిక్కిపోతుంటే, యాదవ్వ ఓ రోజు తన ఇంటినుంచి మక్కగటక తెచ్చి పెట్టిందట. పిల్లలు ఏడ్చినంత పని చేశారట. ఆ తర్వాత మెస్‌లో వారానికోసారి గటక వండాలని వార్డెన్‌తో పోట్లాడి గెలిచింది అజీజాయే.

ఎవరి జ్ఞాపకాలు వాళ్ళు చెప్పుకునేవారు. అద్దెకు గది దొరకక వజీర్ మూడు పేటలు తిరిగిన సంగతి, చివరికి ఒక దర్జీ తన కొట్టు మీద అటక ఇచ్చిన సంగతి. జాంజిబార్‌లో అరబ్బుల మీద తిరుగుబాటు జరిగిన జనవరిలో అజీజా రేడియో ముందు కూర్చుని ఇంటివాళ్ళు బతికున్నారో లేదో తెలియక అల్లాడుతుంటే, పక్కగది అమ్మాయిలు ఆమెను ఒక్క పూటా ఒంటరిగా వదలని సంగతి. యూనివర్సిటీ చరిత్ర అంటూ అచ్చువేసిన పుస్తకంలో గోపురాలున్నాయి, నవాబులున్నారు, తాము లేరు. పోనీ, మనం చెప్పుకుంటే మనకైనా ఉంటుంది కదా అనేది అజీజా.

నిజాముద్దీన్ వంతు వచ్చినప్పుడే చిక్కొచ్చేది. అతను ఫుట్‌బాల్ గురించి చెప్పేవాడు, తండ్రి గుర్రం గురించి చెప్పేవాడు. అక్కడితో ఆగిపోయేవాడు.

"అంతకు ముందు?" అని అడిగాడు వజీర్ ఒకనాడు. "మీ తాతది ఏ ఊరు? ఏ భాష?"

"తెల్వదు. చిన్నప్పుడు ఓడలో తెచ్చిండ్రని చెప్పేటోడట. ఫిరోజ్ అనే పేరు కూడా ఎవరో పెట్టిందే. అసలు పేరు ఆయనకే యాదికి లేకుండె."

అప్పుడు అజీజా తనే అంది: "మా పెదనాయన ఖల్ఫాన్ లోపల ఉన్నడు. ఈడి సూర్ రేవు ఓడలోళ్ళం మేం. ఆఫ్రికాకెంచి ఇండియాకు ఏ దారిల పోతుండెనో ఆయనకు ఎర్క. అడుగుదాం రా."

ఖల్ఫాన్‌కు ఎనభై దాటాయి, చూపు పోయింది. కిటికీ పక్క చాప మీద గోడకు ఆనుకుని కూర్చునేవాడు. ఆయనది సూర్ యాస అరబ్బీ, వజీర్‌కు కూడా సరిగా అందదు. అజీజా మధ్యలో కూర్చుంది. నిజాముద్దీన్ అడిగింది ఆమె అరబ్బీలోకి మార్చింది. ముసలాయన తల ఊపి, నెమ్మదిగా మొదలుపెట్టాడు.

"గాలి మర్లే కాలంల బయల్దేరుతుండిరట" అంది అజీజా. "ఖర్జూరాలు, చేపలు, కట్టె. సూర్ ఆగుడు, మస్కట్ ఆగుడు, మల్ల ఇండియా దిక్కు."

ముసలాయన ఆగకుండా చెబుతూనే ఉన్నాడు. గొంతు తగ్గింది, చెయ్యి గాలిలో ఏదో ఎత్తు చూపించింది. ఒక పిల్లాడి ఎత్తు. చాలాసేపు మాట్లాడాడు. అజీజా విని, "ఓడల మనుషులు కూడా ఉంటుండిరట" అంది.

"ఆయన చాలా చెప్పిండు ఆపా. మీరు ఒక్క ముక్క చెప్పిండ్రు."

ఆమె కొంగు సర్దుకుంది.

"మొత్తం చెప్పుండ్రి" అన్నాడు నిజాముద్దీన్.

అజీజా గోడవైపు చూస్తూ చెప్పింది. "అమ్ముతందుకు పిల్లగాండ్లను తెస్తుండిరట. మా తాత ఓడల. ఆ బేరం పట్టుకునే ఇంగ్లీషోళ్ళ పడవ కనవడితే ఖర్జూరం బస్తాల నడుమ పండుకోవెడుతుండిరట. ఆఖరుసారి తెచ్చినప్పుడు ఈయన కూడా చిన్న పిల్లగాడే. వాళ్ళతోని ఆడుకున్నడట. ఒడ్డుకు రాంగనే వాళ్ళను తీస్కపోయిండ్రు, ఈయన ఏడ్చిండట. ఎందుకేడుస్తున్నవని వాళ్ళ నాయన కొట్టిండట."

నిజాముద్దీన్ అడిగినవి చిన్న చిన్న ప్రశ్నలు. వాళ్ళకేం తినబెట్టేవారు? ఖర్జూరాలు, ఎండుచేపలు. నీళ్ళు? పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. ఏడ్చేవారా? మొదట్లో. వాళ్ళలో ఫిరోజ్ అని ఎవరైనా ఉన్నారా? ఆ పేర్లు కొన్నవాళ్ళు పెడతారు, ఓడ మీద పేర్లుండవు. ముసలాయన ఇంకా ఏదో అన్నాడు. అజీజా మాత్రం, ఆయన అలిసిపోయాడంది.

ఆ శుక్రవారం నిజాముద్దీన్ గటక తినకుండానే లేచాడు. ఆ తర్వాత వెళ్ళలేదు. ఖురియాత్ వైపు కొండల్లో కొత్త దారికి కొలతలు తీసే పని పడితే, అడిగి మరీ అక్కడి క్యాంపుకు వేయించుకున్నాడు. వజీర్ రెండుసార్లు కబురు పెట్టాడు, ఇతను పనుందని చెప్పించాడు. యూనివర్సిటీలో ఆఫ్రికా పిల్లలు నవ్వి దూరం జరిగినప్పుడు తనే వాళ్ళకు పరాయివాడినని అనుకున్నాడు. పదిహేనేళ్ళ తర్వాత ఇక్కడ, వాళ్ళందరి మధ్యా తనకూ చోటు దొరికిందని అనుకుంటుండగానే, ఆ ఇంటి నేల మీద కూర్చుని తిన్నది ఎవరి చేతి కూడో తెలిసింది. ఎవరి మీద కోపగించుకోవాలో తెలియక పనిమీద కోపం చూపించాడు. ఒకే లోయను మళ్ళీ మళ్ళీ కొలిపించాడు. ఎందుకని పోచన్న అడిగితే ఒక రాత్రి జరిగిందంతా చెప్పాడు.

"సారూ," అన్నాడు పోచన్న చివరికి, కర్ర రాతికి ఆనించి, "గా ముసలాయన మీద కోపమా, మేడం మీద కోపమా? జెప్తే నేను గూడ తిడ్త."

నిజాముద్దీన్ నవ్వు ఆపుకోలేకపోయాడు. నవ్వుతుండగానే కళ్ళు మండాయి. ముసలాయన మీద కాదని అతనికి తెలుసు. ఆ ముసలాయన ఏడ్చాడు, దెబ్బలు తిన్నాడు. అజీజా మీదా కాదు, కాని ఆమె సగం మాటలు మింగడం అతనికి మింగుడు పడలేదు.

చలికాలం మొదట్లో ఒక ఉదయం క్యాంపు దగ్గర దుమ్ము లేపుకుంటూ ల్యాండ్‌రోవర్ ఆగింది. అజీజా దిగింది. పోచన్న డేరాలోంచి ఇనప కుర్చీ తెచ్చి వేశాడు. ఆమె కూర్చోలేదు.

"నేను మాఫీ అడుగుడానికి రాలేదు" అంది. "మా తాత చేసిన పనికి నేనెట్ల మాఫీ అడుగుత? నువ్వెట్ల ఇస్తవ్? కని ఆనాడు నీకు చెప్పకుంట దాసిన మాట నాది. అది చెప్తందుకొచ్చిన."

నిజాముద్దీన్ పరికరం మూత వేసి వచ్చాడు.

"పెదనాయన ఆఖరుకు ఏమన్నడంటే, ఆ ఓడల ఒక పిల్ల కూడా ఉండెనట. ఆ పిల్లను ఇండియా పంపలే. మా తాత ఇంట్లనే ఉంచుకున్నడు. ఆమెకు పుట్టినోడే మా నాయన." అజీజా ఇనప కుర్చీ అంచు పట్టుకుంది. "మా నాయనమ్మ. మా ఇంట్ల ఆ మాట ఎవ్వరనరు. ఇక్కడ నీది ఏ తెగ అని మొదలు అడుగుతరు, నీకెర్క. నాకు ఎర్కనే ఉండె గని, పదేండ్లప్పుడు మా అమ్మ చెవుల చెప్పి, ఇంక మాట్లాడకన్నది. నేను నోటితోని అనుడు ఇదే మొదలు. తెలుగుల అంటున్న, ఎందుకంటె ఈ భాషల నాకు మావోళ్ళెవ్వరు లేరు."

గాలికి డేరా గుడ్డ కొట్టుకుంటోంది. నిజాముద్దీన్ డేరా వైపు నడిచాడు. లోపలికి వెళ్ళి నీళ్ళు తెచ్చిచ్చాడు. ఆమె తాగి, గ్లాసు పట్టుకునే నిలబడింది.

"ఆమె పేరేంది?" అని అడిగాడు చివరికి.

"జఫ్రాన్ అని పిలుస్తుండిరట. అది కూడా మావోళ్ళు పెట్టిందే."

వాళ్ళు చాలాసేపు రాతి మీద కూర్చున్నారు. ఎక్కువగా హాస్టలు సంగతులే మాట్లాడుకున్నారు. వెళ్ళబోతూ ఆమె ఈ ఏటి విందు కబురు చెప్పింది. భుజంగరావు మళ్ళీ ముఖ్య అతిథిగా పిలిచాడట. పూర్వ విద్యార్థిగా అయితేనే వస్తానని, తనతోపాటు ఏడుగురు వస్తారని, మాట్లాడడానికి సమయం కావాలని ఆమె చెప్పిందట. "ఆయన నాలుగుసార్లు నవ్విండు. తర్వాత సరే అన్నడు. నువ్వు రావాలె."

నిజాముద్దీన్ వెళ్ళాడు. శుక్రవారాల గుంపంతా అరవైల బ్యాచ్‌ల వరుసల్లో సర్దుకుని కూర్చున్నారు. అజీజా మైకు ముందు నిలబడి తెలుగులో మొదలుపెట్టగానే హాలంతా గుప్పుమని నవ్వు. ఆమె ఆగింది. నవ్వు తగ్గేదాకా ఆగి, యాదవ్వ గురించి చెప్పింది, అద్దె గదుల గురించి చెప్పింది, రేడియో ముందు కూర్చున్న జనవరి గురించి చెప్పింది. నాయనమ్మ సంగతి చెప్పలేదు. చెబుతుందని నిజాముద్దీన్ కూడా అనుకోలేదు. తర్వాత అతని వంతు.

"నేను హైదరాబాదోణ్ణే" అన్నాడు. "మా తాతను చిన్నప్పుడు ఈ సముద్రం మీదికెంచి ఓడల తెచ్చి అమ్మిండ్రు. ఆయన పేరేందో మాకు తెల్వదు. ఆయన మనుమణ్ణి నేను. మన యూనివర్సిటీల చదివిన. కాలేజీల నన్ను హబ్షీ అంటుంటే పలికిన. ఇగ పలుకను. నా పేరు నిజాముద్దీన్."

కొందరు చప్పట్లు కొట్టారు. కొందరు పళ్ళేల వైపు లేచారు. భుజంగరావు మైకు అందుకుని, ఇప్పుడు లలితగీతాలు ఉంటాయని ప్రకటించాడు. భోజనాల దగ్గర మాత్రం ఒక నడివయసు లెక్చరరు వచ్చి అతని పక్కన కూర్చుని, మీ పేటలో అలా వచ్చిన కుటుంబాలు ఇంకెన్ని ఉన్నాయని అడిగాడు. పెద్దవాళ్ళు పోకముందే వాళ్ళ నోటి మాటలు ఎవరైనా వినాలన్నాడు. ఆయన నిజంగా విన్నాడో లేదో తర్వాత తెలియలేదు. నిజాముద్దీన్ మాత్రం ఆ ఏడు సెలవుకు ఇంటికెళ్ళినప్పుడు మేనత్త షంషాద్ దగ్గర కూర్చుని, తాత గురించి ఆమెకు గుర్తున్నదంతా అడిగాడు. తాత ఖర్జూరాలు ముట్టేవాడు కాదని చెప్పిందామె. ఎందుకో తమకెవరికీ తెలియదంది. ఓడలోని ఖర్జూరం బస్తాల మాట నిజాముద్దీన్ ఆమెకు చెప్పలేదు. చాలాసేపు ఆమె చేయి పట్టుకుని కూర్చున్నాడు.

శుక్రవారాలు మళ్ళీ సాగాయి. పోచన్న కూడా గటక కోసమని రావడం మొదలుపెట్టాడు. తమ ఊరి గటకలో ఇంత ఉప్పుండదని ప్రతిసారీ వంకపెట్టి, రెండుసార్లు వడ్డించుకునేవాడు. ఖల్ఫాన్ చాప దగ్గరికి వెళ్ళడం మాత్రం నిజాముద్దీన్‌కు కొన్ని నెలలు పట్టింది. వెళ్ళాక, ఇద్దరికీ ఉమ్మడి భాష లేదు కాబట్టి ఊరికే కూర్చునేవాడు. ముసలాయన అతని మోచేతి మీద చేయి వేసి ఏదో గొణిగేవాడు. అది ఏమిటని నిజాముద్దీన్ అజీజాను అడగలేదు.

1978 వేసవిలో ఖల్ఫాన్ పోయాడు. కబురు తెలిసి నిజాముద్దీన్ సైట్ నుంచి బూట్లతోనే మత్రాకు వచ్చాడు. శవాన్ని సందులోంచి బయటికి తెస్తున్నారు. మోసేవాళ్ళు నాలుగడుగులకొకసారి మారుతున్నారు. అతను గోడ పక్కన నిలబడ్డాడు. అటుగా వచ్చిన ఒక బంధువు ఇతన్ని జాంజిబారీ అనుకున్నాడో, ఇంటి మనిషే అనుకున్నాడో, పక్కకు జరిగి చోటిచ్చాడు. నిజాముద్దీన్ కొంచెం తటపటాయించాడు. గుమ్మంలో బిల్కీస్ పక్కన నిలబడి అజీజా చూస్తోంది. అతను వంగి పాడె కర్ర కింద భుజం పెట్టాడు. సందు మలుపు దాకా మోసి, వెనక వస్తున్నవాడికి అప్పగించి, దుమ్ము దులుపుకుంటూ మిగతావాళ్ళతో కలిసి నడిచాడు.